పొగాకు బ్యారన్‌లో మూలపడ్డ 1984 బుల్లెట్ 350: కిక్ దిగట్లేదు, ముందు ఏది విప్పాలి?

#1 కొండపి కుర్రోడు
అన్నలకు నమస్కారం. బండి 1984 బుల్లెట్ 350 స్టాండర్డ్. పాయింట్ల బండి, కుడికాలి గేరు, హెడ్‌లైట్ బల్బు మీద 6 వోల్టులు అని ఉంది. వాడకంలో లేని పొగాకు బ్యారన్‌లో (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టంలో) ఏళ్ళ తరబడి సెంటర్ స్టాండ్ మీదే ఉంది.

కిక్ రెండు వేళ్ళ మందం దిగి గట్టిగా ఆగుతోంది. డిప్‌స్టిక్‌కి ఆయిల్ చుక్క కూడా అంటట్లేదు, అయినా కింద నేల మీద పెద్ద మరకేం లేదు. ట్యాంకు ఊపితే లోపల తుప్పు పెచ్చులు గలగలమంటున్నాయి, మూత తీస్తే వార్నిష్ వాసన. సైలెన్సర్ చివర కందిరీగలు మట్టితో మూసేశాయి. ఎడమ పక్కన ఎరువు బస్తాలు ఆనించి పెట్టారు. ఆ పక్క చెయిన్‌కేస్ మూత తెల్లగా పూసింది, రిమ్ము క్రోమ్ పొలుసులుగా లేస్తోంది. కుడి పక్క మాత్రం దుమ్ము తుడిస్తే మెరుస్తోంది.

ఊళ్ళో అందరిదీ ఒకటే సలహా: సెకండ్ గేర్లో వేసి ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగు, అదే వదిలిద్ది అని. లాగొచ్చా?

#2 సింహపురి సింగిల్
తాడు పక్కన పెట్టు తమ్ముడూ. పోత ఇనుము సిలిండర్ గోడకి తుప్పు పట్టి రింగుల్ని కరుచుకోనుండాది. ట్రాక్టర్ లాగితే వదలతాది, నిజమే. వదిలేది రింగు విరిగాక. ఆ ముక్కలు గోడ మీద నిలువునా గీతలు పెడతాయి. అదీగాక నీ బండి బిగ్ ఎండ్‌లో (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే కొసలో) ఉండేది రోలర్ కాదు, తేలే బుష్. దానికి ఆయిల్ పొర తప్ప వేరే దిక్కు లేదు. పొడిగా తిప్పితే అంతే సంగతులు. కిక్ మీద ఎగిరి దూకడం కూడా వద్దు, గేర్‌బాక్సులో కిక్ పాల్ (పళ్ళని పట్టే కొక్కెం), పళ్ళు పోతాయి.

డిప్‌స్టిక్ ఎందుకు పొడిగా ఉందంటే, ఆయిల్ ఎక్కడికీ పోలా. ఈ ఇంజన్‌లో ఆయిల్ ట్యాంకు క్రాంక్‌కేస్‌లోనే వెనక భాగం. ఏళ్ళ మీద పంపు సందుల్లోంచి జారి ముందున్న క్రాంక్ గదిలోకి చేరింది. కింద రెండు డ్రెయిన్ ప్లగ్గులుంటాయి, ఒకటి ట్యాంకుది, ఒకటి క్రాంక్ సంప్‌ది. రెండూ విప్పి గిన్నె పెట్టు. సంప్ వైపు నుంచే ఎక్కువ వస్తాది, చూడు. ఆయిల్‌కి ముందు నీళ్ళు పడితే ఎన్ని పడ్డాయో రాయి. ఆయిల్‌ని పాత తెల్లగుడ్డలో వడకట్టి ఇనప రజనుందా, ఇత్తడి రంగు మెరుపుందా అని చూడు. ఇత్తడి మెరుపు కనపడితే ఏదో బుష్ అరిగుండొచ్చు.

#3 పొదిలి పిస్టన్
పట్టింది పిస్టనేనా అనేది ముందు తేల్చాలి. ఈ బండిలో కిక్ బలం గేర్‌బాక్సు, క్లచ్, ప్రైమరీ చెయిన్ మీదుగా క్రాంక్‌కి పోయిద్ది. దారిలో ఏది పట్టినా కిక్ ఆగుద్ది. క్లచ్ పట్టుకుని తొక్కి చూడమంటారు కానీ, ఇన్నేళ్ళకి ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఆ పరీక్షతో ఏమీ తేలదు.

ఎడమ పక్క చెయిన్‌కేస్ మూతకి మధ్యలో ఉండేది ఒకటే నట్టు. కింద ట్రే పెట్టి అది విప్పు. స్పార్క్ ప్లగ్ తీసి, ఆల్టర్నేటర్ రోటర్ నట్టుకి స్పానర్ వేసి ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడించు. న్యూట్రల్‌లో క్రాంక్ కదలకపోతే పైనే పట్టింది. కదిలితే గేర్‌బాక్సో కిక్కో.

పైనే అయితే ప్లగ్ రంధ్రంలోంచి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి 50 మి.లీ. పొయ్యి. అసిటోన్ పెయింట్‌ని తినేస్తది, అందుకని ట్యాంకు ముందే దించు. బీడీ, సిగరెట్ దగ్గరకి రానీయొద్దు. సిలిండర్ నిలువుగా ఉంది కాబట్టి పోసింది పిస్టన్ నెత్తిన నిలబడుద్ది. మర్నాటికి మట్టం తగ్గితే రింగుల పక్కన దిగుతున్నట్టే, మళ్ళీ పొయ్యి. రోజుకోసారి స్పానర్‌తో రెండు వైపులా ఆడించు. పొడుగు పైపు తగిలించి బలం చూపించొద్దు. డీజిల్ అయినా పని చేసిద్ది, కాకపోతే నిదానం.

#4 లేతు మాష్టారు
వదిలించే వరకు పొదిలి వారు చెప్పింది సరే. వదిలాక "తిరుగుతోంది కదా" అని స్టార్ట్ చేయడమే అసలు తప్పు.

ఇంజన్ ఆగేటప్పుడు చాలాసార్లు ఏదో ఒక వాల్వు తెరుచుకుని ఉంటుంది. ఎగ్జాస్ట్ తెరిచి ఉంటే సైలెన్సర్ గుండా తేమ నేరుగా సిలిండర్‌లోకి. కందిరీగల మట్టి ఒక రకంగా మేలే చేసి ఉండొచ్చు. రింగులు ఆగిన చోట గోడ మీద ఒక తుప్పు వలయం, దాని కింద సన్నటి గుంటలు ఉంటాయి. ఆ తుప్పు పొడి ఆయిల్‌లో కలిసి గరుకు కాగితంలా పనిచేస్తుంది. కాబట్టి హెడ్డు, బ్యారెల్ (సిలిండర్) లేపి చూడాల్సిందే. ట్యాంకు దించితే ఇంజన్ ఫ్రేములో ఉండగానే రెండూ పైకొస్తాయి. బ్యారెల్ లేపేటప్పుడు క్రాంక్‌కేస్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, విరిగిన రింగు ముక్క లోపల పడిందంటే మొత్తం విప్పుకోవాలి.

గోడ మీద గోరు పెట్టి లాగండి. గోటికి తగలని మచ్చ హోనింగ్‌తో (రాళ్ళతో సన్నగా రుద్దితే) పోతుంది, రింగులు కొత్తవి వేస్తే చాలు. గోరు ఆగితే బోరింగే, అంటే గోడని కోసి పెద్దది చేయడం. స్టాండర్డ్ బోరు 70 మి.మీ., స్ట్రోకు 90. బజార్లో 20, 40 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతాయి. పిస్టన్ ముందు కొని లేతు షాపుకి పట్టుకెళ్ళండి, దాన్ని కొలిచి దానికి సరిపోయేట్టు బోరు చేయాలి. బోరు చేశాక పిస్టన్ వెతికే వాళ్ళు చాలామంది, అది తలకిందుల పని. స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) దగ్గర సందు 0.08 నుంచి 0.10 మి.మీ. ఉంచమనండి. బిగుతుగా చేస్తే మన ఎండాకాలంలో ఒంగోలు నుంచి కావలి చేరేలోపే పట్టేస్తుంది. రింగు చివర్ల సందు బోరులో పెట్టి కొలిచి 0.25 నుంచి 0.40 మధ్య చూసుకోండి.

#5 కొండపి కుర్రోడు
సంప్ ప్లగ్ నుంచి ముందు అర టీగ్లాసు నీళ్ళు, తర్వాత నల్లటి ఆయిల్ ధారగా వచ్చింది. ట్యాంకు వైపు చాలా కొంచెం. గుడ్డలో ఇత్తడి మెరుపు లేదు. పట్టింది పిస్టనే. మందు పోస్తూ ఆడిస్తే వదిలింది. ఫోను కెమెరా వైరు ప్లగ్ రంధ్రంలో దూర్చి చూస్తే గోడకి సగం ఎత్తులో గోధుమరంగు వలయం ఉంది. బ్యారెల్ లేపుతున్నా. అది అయ్యాక పాత ఆయిల్ తీసి కొత్తది పోసి కిక్ కొట్టడమేనా?

#6 సింహపురి సింగిల్
అక్కడే ఆగు. ఈ ఇంజన్ స్టార్ట్ కావడం పెద్ద పని కాదు, పెట్రోలు, నిప్పు ఉంటే అవుతాది. స్టార్టయిన మొదటి నిమిషంలో బిగ్ ఎండ్‌కి ఆయిల్ చేరిందా లేదా, అదీ పని. నా లెక్కలో సగం బండ్లు బ్యారన్‌లో చెడిపోలా, బయటికి తెచ్చిన రోజు చెడిపోయినాయి.

కుడి పక్క టైమింగ్ కవర్ విప్పాలి. పాయింట్ల ప్లేటు, దాని వెనక అడ్వాన్స్ యూనిట్ (వేగం పెరిగేకొద్దీ నిప్పుని ముందుకు జరిపేది) తీస్తే గానీ కవర్ రాదు. విప్పే ముందు ప్లేటుకీ కవర్‌కీ కలిపి సూదితో గీత పెట్టుకో, అంచనాకి పనికొస్తాది. లోపల చూడాల్సినవి ఇవి.

క్రాంక్ చివర ఉండే వార్మ్ నట్టు ఆయిల్ పంపుని తిప్పేది. దానికి ఎడమ మర. తెలియక మామూలుగా తిప్పితే పళ్ళు పోతాయి. అవసరం లేకపోతే ముట్టుకోవద్దు.

ఆ క్రాంక్ చివర చిన్న ముక్కులాగా ఉండేది కవర్‌లోని ఒక సీలులో దూరతాది. పంపు నుంచి ఫిల్టర్ మీదుగా వచ్చిన ఆయిల్ ఆ ముక్కులోంచే బిగ్ ఎండ్‌కి పోవాల. నీ బండి వయసుకి ఆ సీలు ఎండి బిస్కెట్ మాదిరి అయిపోయుంటాది. అది పోతే ఆయిల్ టైమింగ్ కేస్‌లోకి కారిపోతాది, బిగ్ ఎండ్‌కి రాదు. బయటికి ఏ గుర్తూ కనపడదు. చిల్లర డబ్బుల సీలు, తప్పకుండా కొత్తది వెయ్యి. చెన్నై జీపీ రోడ్‌లో, పుదుపేటలో దొరకతాది. వేలితో నొక్కి చూసి మెత్తగా ఉన్నదే తీసుకో, పాత స్టాకుది వద్దు.

కవర్ తీసి ఉండగానే ఆయిల్ క్యాన్ మూతి ఆ ముక్కుకి ఆనించి, క్రాంక్‌ని స్పానర్‌తో మెల్లగా తిప్పుతా ఆయిల్ కొట్టు. ఇంక పట్టక ఆయిల్ వెనక్కి తన్నేదాకా కొట్టాల.

ఫెల్ట్ ఫిల్టర్ కొత్తది వేసి, దాని గదిని ఆయిల్‌తో నింపి మూత పెట్టు. ఖాళీగా బిగిస్తే పంపు ముందు ఆ గది నింపుకోవాలి, అప్పటిదాకా బుష్ పొడే. ఆయిల్ ట్యాంకులోకి 20డబ్ల్యూ50 ఆయిల్ సుమారు రెండుంపావు లీటర్లు, డిప్‌స్టిక్ గుర్తు చూసి పొయ్యి.

#7 పొదిలి పిస్టన్
దీనికో పరీక్ష కలుపుతా. స్పార్క్ ప్లగ్ తీసేసి, హెడ్డు పైన రాకర్లకి పోయే సన్న పైపు బాంజో బోల్టు (మధ్యలోంచి ఆయిల్ పోయే బోల్టు) ఒక చుట్టు వదులు చేసి కిక్ కొడుతూ ఉండు. అక్కడ ఆయిల్ ఊరేదాకా స్టార్ట్ మాట ఎత్తొద్దు.

#8 లేతు మాష్టారు
మంచి పరీక్షే, కానీ దాని హద్దు తెలుసుకోండి. పైన ఆయిల్ కనపడిందంటే పంపు తిరుగుతోందని మాత్రమే. బిగ్ ఎండ్‌కి పోయే దారి వేరు, సీలు చెడితే అక్కడికి చేరకపోయినా రాకర్లు తడుస్తూనే ఉంటాయి. అందుకే #6లో చెప్పిన సీలు వదలొద్దు.

#9 కావలి కరెంటు
ఇంజన్ వాళ్ళది అయితే నిప్పు సంగతి నాది. ఎలుకలు కొరికిన వైరింగ్‌కి టేపులు చుట్టొద్దు, కొత్త హార్నెస్ వేయడమే చవక. పాయింట్లు సన్న ఆయిల్ రాయితో రుద్ది, పెట్రోలుతో తుడిచి, గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. పెట్టు. పాయింట్లు తెరుచుకున్నప్పుడు వాటి మధ్య లావుగా పసుపు మంట వస్తే కండెన్సర్ పోయినట్టు. చూడకపోయినా కండెన్సర్ మార్చేయ్. ప్లగ్ గ్యాప్ అర మిల్లీమీటరు.

టైమింగ్: అడ్వాన్స్ యూనిట్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పై కొసకి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడివడాలి. రెండు పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టె రేకు పెట్టి లాగుతుంటే, జారిన క్షణం అదే. దానికంటే ముఖ్యం, ఆ అడ్వాన్స్ యూనిట్ బరువులు తుప్పుతో ముందుకే ఇరుక్కున్నాయేమో చూడు. కామ్‌ని వేళ్ళతో తిప్పి వదిలితే స్ప్రింగు లాగినట్టు వెనక్కి రావాలి. రాకపోతే కిక్ ఎదురు తన్నుద్ది. పాత బుల్లెట్ ఎదురుతన్నుకి మడమ చిట్లినోళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు.

6 వోల్టుల బండికి 12 బ్యాటరీ పెట్టేసి "లైటు బాగా వస్తోంది" అనుకోవద్దు. కాయిల్ కాలిపోద్ది, బల్బులు మాడిపోతాయి. మార్చాలంటే స్టేటర్ (కరెంటు పుట్టించే తీగచుట్టలు), రెగ్యులేటర్, కాయిల్, హారన్, బల్బులు మొత్తం మార్చు. లేదా 6తోనే ఉంచు. పగలు తిరిగే బండికి 6 చాలు.

#10 సింహపురి సింగిల్
కరెంటు అన్నతో ఒక్క చోట తేడా. మార్చే పనైతే ఇప్పుడే మార్చాల. చెయిన్‌కేస్ ఎట్టాగూ తెరిచే ఉండాది, స్టేటర్ చేతికి అందతాండాది. మూత బిగించి 420 మి.లీ. ఆయిల్ పోశాక మళ్ళీ విప్పడం ఎందుకు.

#11 ఉలవపాడు ఉప్పుగాలి
ట్యాంకు గురించి ఎవరూ చెప్పలేదు. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చటి నీళ్ళకి 70 గ్రాముల లెక్కన, ఈ ట్యాంకుకి కిలో దాకా పడుతుంది. ముందు పెట్రోలు ట్యాపు విప్పి, ఆ రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూయండి. చిన్న నట్లు ఓ గుప్పెడు వేసి ఊపి, లెక్కపెట్టి తీయండి, ఒకటి లోపల మిగిలితే తర్వాత ట్యాపు దగ్గర తగులుతుంది. తర్వాత నిమ్మ ఉప్పు నీళ్ళు నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. 24 గంటలు దాటనీయొద్దు, తుప్పు అయిపోయాక మంచి రేకుని కూడా తింటుంది. పారబోసిన వెంటనే వంటసోడా నీళ్ళతో రెండుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, అరలీటరు పెట్రోలులో 100 మి.లీ. టూ-టి ఆయిల్ కలిపి లోపలంతా తిప్పండి. సోడా కడుగుకీ ఆరబెట్టడానికీ మధ్య టీకి వెళ్ళారా, లోపల కాషాయ రంగు తేలుతుంది. మా సముద్రపు గాలికయితే ఇంకా తొందర.

బయట పెయింట్ మీద నిమ్మ ఉప్పు చుక్క పడనీయొద్దు. ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో గీసినవి. వంద షాపులు కొత్త పెయింట్ వేస్తాయి, ఆ గీత వంకర లేకుండా వేసేవాళ్ళు దొరకరు. నా ఓటు పాత పెయింట్ ఉంచడానికే.

ఎరువు బస్తాలన్నావు కాబట్టి: పొగాకు రైతులు మ్యూరియేట్ పొటాష్ వాడరు, క్లోరైడ్ వల్ల ఆకు సరిగా కాలదని. అది నీ బండికి కలిసొచ్చింది. అయినా ఎరువు లవణం తేమని లాగుతుంది. ఎడమ పక్కనంతా ధారగా మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాకే విప్పడం మొదలుపెట్టు, లేకపోతే ఆ పొడి లోపలికి పోతుంది. క్రోమ్ పొలుసు లేచిన రిమ్ము లోపల స్పోకు నిపుళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూడు.

#12 పొదిలి పిస్టన్
మిగతావి గబగబా. కార్బరేటర్ మిక్‌కార్బ్ వీఎం 24 అయితే జెట్లలోకి తీగ దూర్చొద్దు, రంధ్రం పెద్దదయిద్ది. క్లీనర్ స్ప్రే, గాలి చాలు. పైలట్ జెట్టే ఎక్కువ మూసుకునేది. ఫ్లోట్ నీడిల్, పెట్రోలు పైపు, ట్యాపు వాషర్లు అన్నీ కొత్తవి, ఇప్పటి ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి పాత రబ్బరు ఆగదు. రెండు మూడు వారాలు తిప్పనప్పుడు ట్యాంకు, కార్బరేటర్ గిన్నె ఖాళీ చెయ్యి.

క్లచ్ ప్లేట్లు విడదీసి పెట్రోలుతో కడుగు. గేర్‌బాక్సులో ఎండిపోయిన గ్రీజు గీకి తీసి సెమీ-ఫ్లూయిడ్ గ్రీజు పెట్టు. వట్టి 90 నంబరు ఆయిల్ పోస్తే కిక్ షాఫ్ట్ దగ్గర కారుద్ది.

ట్యాపెట్లు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ పై కొసలో: పుష్‌రాడ్ వేళ్ళతో తిరగాలి, పైకీ కిందకీ ఆడకూడదు.

టైర్లు 3.25-19 రెండూ మార్చాల్సిందే. పక్కన తేదీ కోడ్ మూడంకెలుంటే అది 2000కి ముందుది, పట్టు బాగున్నా పనికిరాదు. బ్రేకు డ్రమ్ములో దుమ్ము గాలితో ఊదొద్దు, పాత లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉంటది. తడిగుడ్డతో తుడువు.

#13 కొండపి కుర్రోడు
బోరు 20 ఓవర్‌సైజు అయింది. ముక్కు సీలు నిజంగానే వేళ్ళ మధ్య పొడి అయింది. బాంజో దగ్గర ఆయిల్ వచ్చింది. స్టార్ట్ చేసే పద్ధతి ఒకసారి చెప్పండి, కాలు ముఖ్యం.

#14 కావలి కరెంటు
పెట్రోలు తెరువు, చోక్ వెయ్యి, తాళం తిప్పు. కిక్ మెల్లగా నొక్కుతుంటే ఆమ్మీటర్ ముల్లు మైనస్‌కి పోయి ఒకచోట నడిమికి వచ్చుద్ది, అంటే పాయింట్లు తెరుచుకున్నాయి. అక్కడ డికంప్రెసర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే మీట) నొక్కి పిస్టన్‌ని కొద్దిగా దాటించు. డికంప్రెసర్ వదిలి, కిక్ పైకి తెచ్చి, ఒకటే నిండు తన్ను. యాక్సిలరేటర్ తిప్పొద్దు. బొటనవేలు కిక్ కింద పెట్టొద్దు. మొదటి నిమిషం ఐడిల్ కంటే కొంచెం పైన ఉంచి బాంజో చూడు, ఆయిల్ ఆగితే ఆ క్షణమే ఆపు.

#15 లేతు మాష్టారు
కాగితాల సంగతి కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది?

#16 కొండపి కుర్రోడు
తాతయ్య పేరు మీద, చేత్తో రాసిన పుస్తకం. తాతయ్య లేరు. వింటేజ్ కింద చేయించొచ్చని ఒకరు అంటున్నారు.

#17 లేతు మాష్టారు
వింటేజ్ రిజిస్ట్రేషన్ 2021 నిబంధన ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికే. 1984 బండికి 2034 దాకా ఆ దారి లేదు. ఉన్నా, కొత్త నమోదుకి 20,000 కట్టి, రోజువారీ తిప్పకూడని నంబరు తెచ్చుకోవడం నీకు అవసరమా?

నీ దారి మామూలుదే. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారంతో ఫారం 31 వేసి పేరు మార్పు. తర్వాత ఫారం 25తో ఆర్‌సీ రెన్యువల్. 20 ఏళ్ళు దాటిన బైకుకి రెన్యువల్ రుసుము 2025 ఆగస్టు నుంచి 2,000, ఆలస్యానికి, గ్రీన్ ట్యాక్స్‌కి విడిగా. చేత్తో రాసిన పుస్తకం కాబట్టి ఆన్‌లైన్‌లో వివరాలు ఉండకపోవచ్చు, ముందు ఒంగోలు రవాణా కార్యాలయంలో బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించు. ఇన్‌స్పెక్టర్ ఇంజన్, చాసిస్ నంబర్లు పెన్సిల్ అచ్చు తీస్తారు. ఫ్రేముకి పెయింట్ వేసేటప్పుడు ఆ అంకెల మీద పుట్టీ పూయనీయొద్దు, గ్రైండర్ అసలు తాకనీయొద్దు.

#18 కొండపి కుర్రోడు
స్టార్టయింది. మొదట నీలిపొగ దట్టంగా వచ్చి తగ్గింది. బాంజో తడిగానే ఉంది. 12కి మార్చలేదు, 6 వోల్టులే. కానీ ఆమ్మీటర్ ముల్లు రేసు ఇచ్చినా మైనస్‌లోనే ఉంటోంది.

#19 కావలి కరెంటు
లైటు స్విచ్ ఆపి చూడు. అప్పుడూ మైనస్ అయితే చెయిన్‌కేస్ వెనక నుంచి వచ్చే స్టేటర్ వైర్లు విప్పి, మల్టీమీటర్ ఏసీలో పెట్టి, ఇంజన్ వేగం పెంచు. వోల్టులు వేగంతో పాటు పెరుగుతుంటే స్టేటర్ బాగుంది, తప్పు రెక్టిఫైయర్‌లో. పెరగకపోతే ఇంజన్ ఆపి వైరుకీ ఇంజన్ బాడీకీ మధ్య కంటిన్యుటీ చూడు. పలికితే, వైర్లు బయటికొచ్చే రబ్బరు దగ్గర తొడుగు పగిలి బాడీకి తగులుతోంది. ఎక్కువగా అక్కడే.

#20 సింహపురి సింగిల్
నీలిపొగ మళ్ళీ వస్తే చెప్పు. బోరు కొత్తది కాబట్టి మొదటి 500 కిలోమీటర్లు 50 స్పీడు దాటించొద్దు, ఒకే వేగంలో కూడా నడపొద్దు. 100 కిలోమీటర్లకి ఆయిల్, ఫెల్ట్ ఫిల్టర్ మార్చు. హెడ్డు నట్లు చల్లారినాక మళ్ళీ బిగించి, దాని తర్వాతే ట్యాపెట్లు చూడు. ముందు చూస్తే పనికి రాదు, హెడ్డు దిగినప్పుడు సందు మారతాది.